ఇంకో అరంగుళం

ఫిబ్రవరి 9

అక్షరాలు వంకరగా ఉన్నాయి, తప్పులు కూడా ఉంటాయి, క్షమించాలి. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తరువాత రాసినవన్నీ అంకెలే. ఇది ఎవరూ చదవడానికి కాదు కాబట్టి ఎవరిని క్షమించమంటున్నానో నాకే తెలియదు. అయినా ముందే చెప్పుకుంటే చేయి కాస్త తేలికపడింది.

ఇది షాపులో కొలతల పుస్తకం. ముందు పేజీలన్నీ అత్తయ్య రాసినవి. ఛాతీ, నడుం, భుజం, చేయి పొడవు. సగం దగ్గర ఆగిపోయింది. మా ఆయన కొత్త పుస్తకం కొన్నారు గాని దీన్ని పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. అందుకని నేను వెనకనుంచి మొదలుపెడుతున్నాను.

మా మేడమీద గదిలోకి ఒక అమ్మాయి వస్తోందట. ఎనిమిది వారాలు. ఎదురుగా ఉన్న కాలేజీకి వేరే దేశాలనుంచి పన్నెండుమంది వస్తున్నారు, ఇక్కడి పిల్లలు పన్నెండుమంది వాళ్ళ దేశాలకు వెళ్తారు. కంప్యూటరుతో బొమ్మలు వేయించడం, పాటలు కట్టించడం, కథలు చెప్పించడం నేర్చుకుంటారట. ఏఐ అంటారు. వచ్చినవాళ్ళకు ఇళ్ళు కావాలి. కాలేజీ సెక్రటరీగారు ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చి, మా ఆయన టేపు తిప్పుతుండగా అడిగారు. "మీ పైగది ఖాళీయే కదా మాస్టారూ." ఎదుటి మనిషి నడుం పట్టుకుని ఉండగా కాదనడం కష్టం.

ఖాళీ గది అంటే అత్తయ్య మంచం పట్టిన గది. ఆవిడ పోయి ఏడు నెలలైంది.

ఫిబ్రవరి 12

వచ్చింది. సంచి తనకంటే పెద్దది. గుమ్మంలో నిలబడి మావయ్యతో, "ఏం నాయనా, ఒంట్లో కులాసాగా ఉందా?" అంది. నాతో, "ఓసి పిల్లా, మంచినీళ్ళియ్యవే," అంది. నాకంటే మూడేళ్ళు చిన్నది. పొట్టి జుట్టు, చిరుగుల ప్యాంటు.

పుట్టి పెరిగిన దేశం వేరట. మన మాటలు అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట. అందుకని ఎనభై ఏళ్ళ ముసలమ్మలా మాట్లాడుతుంది. ఆయన నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయారు. మావయ్య పెదవి కదిలింది. నవ్వో, చీమ కుట్టిందో.

ఫిబ్రవరి 13

ఆయన ఆ అమ్మాయికి పిచ్చుక అని పేరు పెట్టారు. కూర్చుని తినదు. అటు ఒక గెంతు, ఇటు ఒక గెంతు, మధ్యలో ఒక ముక్క.

మావయ్య ఈరోజు కూడా సగం పళ్ళెం వదిలేశారు. చూపు పోయి ఆరేళ్ళవుతున్నా అత్తయ్య ఉన్నంతకాలం కొలతలు ఆయనే తీసేవారు. అత్తయ్య టేపు మీద అంగుళానికొక ముడి కుట్టింది, ఐదింటికొక లావు ముడి. వేలితో తడిమి అంకె చెప్పేవారు, ఆవిడ పైకి అని రాసేది. ఆవిడ పోయిన మర్నాడు ఆ టేపు చుట్టి సొరుగులో పెట్టారు. అప్పటినుంచి కుర్చీలో కూర్చుంటారు. అంతే. ఒళ్ళు సగమైంది. డాక్టరు మా ఆయనతో, "మందులతో పనికాదు, తినాలనిపించాలి," అన్నాడట. తినాలనిపించడం ఏ షాపులో దొరుకుతుంది?

ఫిబ్రవరి 17

ఈరోజు ఒక తప్పు పని చేశాను. తప్పు అనిపించలేదు అప్పుడు.

నేను కిటికీ పక్క స్టూలు మీద గుండీలకు కాజాలు కుడుతున్నాను. ఆ చోటు అత్తయ్యది, వెలుతురు బాగుంటుందని పెళ్ళైన ఏడాదికి నాకిచ్చేసింది. పిచ్చుక వచ్చి, "సెక్రటరీగారు ఎలా మాట్లాడతారో నాకు ఒక్క ముక్క అర్థంకాదే," అంది. షాపులో ఎవరూ లేరు. నేను సూది ఆపకుండా సెక్రటరీగారిలా అన్నాను. "అదేమిటంటే మాస్టారూ, అంటే, అదే, మనం ఒక విధంగా చూస్తే." పిచ్చుక నేలమీద కూర్చుండిపోయి నవ్వింది.

చిన్నప్పటినుంచీ అంతే. నా మాట ఎవరిముందూ బయటికి రాదు. ఇంకొకరి మాటైతే వచ్చేస్తుంది. ఈ సంగతి తెలిసిన మనిషి అత్తయ్య ఒక్కతే. ఒకసారి వంటింట్లో ఆవిడలాగా గిన్నెల్ని తిడుతూ దొరికిపోయాను. ఆవిడ తలుపు పట్టుకుని, "నేనంత గట్టిగా అరుస్తానా?" అంది. "ఇంకా గట్టిగా," అన్నాను. ఆవిడతో నేను ఆడిన మొదటి నిజం మాట అదే. ఆ రోజునుంచి మాకు పొత్తు కుదిరింది.

పిచ్చుక అడిగింది, అత్తయ్యలా చేయమని. చేశాను. నవ్వలేదు. నా మొహంకేసి చూస్తూ ఉండిపోయింది.

ఫిబ్రవరి 24

పిచ్చుక చదువుకు ఒక పని చేసి చూపాలట. పోయినవాళ్ళ గొంతును యంత్రంతో మళ్ళీ మాట్లాడించడం తీసుకుంది. వాళ్ళ అమ్మమ్మ గొంతు ఎక్కడా దాచలేదట. అందుకని మా అత్తయ్యది.

మా ఆయన ఫోనులో ఉన్నది నలభై సెకన్లు. ట్యాంకు నిండి పొర్లిపోతోందని అత్తయ్య అరుస్తున్న మాటలు. "మోటారు కట్టేయరా, ఊరంతటికీ మనమే నీళ్ళు పోయాలా?" ఆయన సంతోషంగా ఇచ్చారు. కాని యంత్రంలో వేస్తే జలుబు చేసిన ఆడమనిషిలా వచ్చింది.

పిచ్చుక నా పక్కన కూర్చుంది. "అరగంట గొంతు కావాలే. నువ్వు చదువు, ఆవిడలా. రెండూ కలిపి యంత్రానికి నేర్పుతా."

"తప్పుకదూ?"

"పాఠం కోసమే. క్లాసులో చూపించి మూసేస్తా. ఇంట్లో ఎవరికీ వినిపించను."

పాఠం కోసమే. నాకు చదువు లేదు, ఇంకొకరి చదువుకు అడ్డం రావడమెందుకు?

మెట్లకింద బట్టల తానులు పెట్టే అరలో కూర్చుని చదివాను. చుట్టూ బట్ట ఉంటే చప్పుడు బయటికి పోదు. ఏం చదవాలో తెలియక ఈ పుస్తకం ముందు పేజీలే చదివాను. ఛాతీ ముప్పయ్యారు. నడుం ముప్పయ్యెనిమిది. నాలుగు మధ్యాహ్నాలు. ఆవిడ వాడే మాటలు కూడా గుర్తున్నవన్నీ చెప్పాను.

నాలుగోరోజు బయటికి వచ్చేటప్పటికి ఆవిడ పక్కనే కూర్చుని లేచినట్టుంది.

మార్చి 3



మధ్యాహ్నం భోజనాలవేళ పిచ్చుక పలకలాంటి కంప్యూటరు బల్లమీద పెట్టి చేయి కడుక్కోవడానికి వెళ్ళింది. మా ఆయన దాన్ని తాకారు. అత్తయ్య, "ఎవరదీ, చేతులు తుడుచుకుని ముట్టుకో," అంది.

ఆయన దాన్ని పట్టుకుని మావయ్య ముందుకు పరుగెత్తారు. నేను గరిటె పట్టుకుని వెనకే వెళ్ళాను. వద్దండీ అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. బయటికి వచ్చిందో లేదో.

మావయ్య ముందు పళ్ళెం అలాగే ఉంది. మా ఆయన పిచ్చుకను పిలిచి, "నాన్న తినడంలేదని చెప్పు," అన్నారు. పిచ్చుక నాకేసి చూసి ఏదో నొక్కింది. అత్తయ్య గొంతు వచ్చింది. "అన్నం ముందు పెట్టుకుని ఏమిటా ధ్యానం? అది లేచొచ్చి నోట్లోకి దూరదు."

మావయ్య తల ఎత్తారు. "ఎవరది?"

"యంత్రం నాన్నా. అమ్మ గొంతు."

మావయ్య పళ్ళెం అంచు తడిమారు. "యంత్రానికి ఇంత నోరెక్కడిది?" అన్నారు. తరువాత అన్నం కలుపుకున్నారు. మొత్తం తిన్నారు. ఏడు నెలల్లో మొదటిసారి.

మా ఆయన పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పారు. మొహం తడిగా తిరిగొచ్చి, "చూశావా, నలభై సెకన్లు! నలభై సెకన్లనుంచి అమ్మ మొత్తాన్ని లాగింది," అన్నారు. పిచ్చుక నోరు తెరిచింది. ఆయన వెనకనుంచి నేను తల అడ్డంగా ఊపాను.

రేపు చెప్తాను.

మార్చి 4

రేపు చెప్తాను.

మార్చి 5

మావయ్య రెండోసారి అన్నం అడిగారు.

మార్చి 8

యంత్రాన్ని షాపులో అత్తయ్య పాత కుర్చీమీద పెట్టారు, ట్రయలు రూము తెర పక్కన. మావయ్య ఏదన్నా దానికి బదులు వస్తుంది. కాలేజీ వేళల్లో కూడా ఇక్కడే వదిలేయమని ఆయన పిచ్చుకను బతిమాలారు. తను ఇంకొకటి తెచ్చుకుంది.

వంటింట్లో పిచ్చుక, "మనం చెప్పేద్దాం వదినా," అంది. ఈమధ్య వదినా అంటోంది. "నేను చెప్తా, తిట్లన్నీ నేనే తింటా."

"చెప్తే మళ్ళీ తినడం మానేస్తారేమో."

"మానేయకపోతే?"

"మానేస్తే?"

ఆదివారం ఆయన తీరిగ్గా ఉంటారు, అప్పుడు చెప్తాను.

మార్చి 14

ఆదివారం చెప్పలేదు. ఇక చెప్పలేను కూడా. ఎందుకో రాసిపెడతాను.

పొద్దున మావయ్య సొరుగు తీసి టేపు అడిగారు. ముడుల టేపు. మా ఆయన చేతులు జేబులో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నారు, ఏం చేయాలో తెలియక. సరిగ్గా అప్పుడు సెక్రటరీగారు వచ్చారు, ఇంకో ప్యాంటుకు. మావయ్య లేచి నిలబడ్డారు. నేను కుట్టిన చొక్కా తగిలించడానికి తెర వెనక్కి వెళ్ళాను. సందులోంచి కనిపిస్తోంది.

మావయ్య టేపు తిప్పి బొటనవేలితో తడిమారు. "నడుం ముప్పయ్యెనిమిది."

"ముప్పయ్యెనిమిది, రాశాను," అంది యంత్రం.

మావయ్య టేపు తీయలేదు. ఎదురుచూస్తున్నారు. దేనికో నాకు తెలుసు. సెక్రటరీగారికి పొట్ట ఉంది. పొట్ట ఉన్నవాళ్ళు టేపు తగలగానే ఊపిరి బిగపట్టి లోపలికి లాక్కుంటారు. చూపు లేని మనిషికి అది తెలియదు. అత్తయ్య చూసి అనేది. ఆ ఒక్క మాటమీదే ఈ షాపు నడిచిందని ఆవిడ నాతో ఎన్నిసార్లో చెప్పింది.

"అంతేనా?" అన్నారు మావయ్య.

"అంతేనండీ. ఇంకేమైనా కావాలా?"

అత్తయ్య జన్మలో ఆయన్ని అలా అడగలేదు. మావయ్య చేతులు జారిపోయాయి. టేపు నేలమీద పడింది. మొహం మళ్ళీ ఆ ఏడు నెలల మొహం అయిపోయింది. "ఇది అది కాదురా," అన్నారు మెల్లగా. కుర్చీ కోసం తడుముకున్నారు.

నేనేమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నోరు పెగిలేదే కాదు. తెర వెనకనుంచి ఆవిడ గొంతు వచ్చేసింది. "పొట్ట వీపుకు అంటించుకుని నిలబడితే ముప్పయ్యెనిమిదే వస్తుంది మరి. ఇంకో అరంగుళం వెయ్యండి."

సెక్రటరీగారు ఉలిక్కిపడి ఊపిరి వదిలేశారు. పొట్ట బయటికి వచ్చేసింది.

మావయ్య నవ్వారు. పెద్దగా, భుజాలు కదిలేట్టు. "వేశాను లేవే," అన్నారు.

వేశాను లేవే. యంత్రంతో ఆయన ఎప్పుడూ 'వే' అనలేదు.

మార్చి 15

మా ఆయన దారిన పోయేవాళ్ళను పిలిచి చెప్తున్నారు. యంత్రం రోజురోజుకూ నేర్చుకుంటోందట, దానికి కళ్ళు కూడా వచ్చాయట. పిచ్చుక నన్ను పక్కకు లాగి, "దానికి కెమెరా లేదు. నువ్వేకదూ?" అంది. నేలకేసి చూశాను.

రాత్రి అన్నాలప్పుడు ఆయన నవ్వుతూ అన్నారు. "నీ నోట్లో మాట ఉండదు. మా అమ్మను చూడు, పోయి కూడా నీకంటే ఎక్కువ మాట్లాడుతోంది."

తమాషాకే అన్నారు. కూర ఇంకొంచెం వేశాను.

మార్చి 23

మావయ్య రోజూ నాలుగైదు కొలతలు తీస్తున్నారు. మామూలు మాటలకు యంత్రం. అరంగుళానికి నేను. ఎవరైనా బిగపట్టినట్టు కనిపిస్తే చొక్కా పట్టుకుని తెర వెనక్కి వెళ్తాను. ఎవరూ పట్టించుకోరు, ఇంట్లో నేను అటూ ఇటూ నడవడం ఎవరికి లెక్క?

మావయ్య మెడ దగ్గర కాలరు మళ్ళీ సరిపోతోంది. నేనే కుట్టిన కాజాలో గుండీ బిగుతుగా కూర్చుంది.

మార్చి 29

ఆయన ఉప్పు అందించమన్నారు. "కళ్ళముందే ఉందిగా," అన్నాను. ఆవిడ గొంతు అది. నేను పిలవకుండానే వచ్చింది. ఆయన ఫోను చూసుకుంటున్నారు, వినలేదు.

పగలు తానుల అరలోకి వెళ్ళి నా పేరు పైకి అన్నాను. నాలుగుసార్లు. నా గొంతు ఇదేనా అని అడగడానికి ఎవరూ లేరు.

ఏప్రిల్ 5

కాలేజీలో ప్రదర్శన. మమ్మల్నందరినీ ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒక పిల్లాడు బొమ్మలు కదిలించాడు, ఇద్దరమ్మాయిలు కలిసి పాట చేయించారు. అందరికంటే ఎక్కువ చప్పట్లు పిచ్చుకకు. పెద్ద మేష్టారు మైకులో, "నలభై సెకన్లతో ఇంత సజీవంగా రావడం ఇదే మొదటిసారి చూస్తున్నాను," అన్నారు. మా ఆయన చప్పట్లు ఆపలేదు.

ముందురోజు పిచ్చుక చేతులు పట్టుకున్నాను, నా సంగతి చెప్పొద్దని. చెప్పలేదు. వేదికమీద నిలబడి నాకేసి ఒకసారి చూసి తల దించుకుంది. దారిలో వస్తూ ఏడ్చింది. "ఇక్కడికొచ్చి నేర్చుకుంది ఇదా వదినా? దొంగ పని చేసి చప్పట్లు కొట్టించుకోవడం?"

తనకూ ఏడుపు నా వల్లే.

ఏప్రిల్ 8

వెళ్ళిపోయింది. గుమ్మంలో మావయ్యకు చెప్పింది, "పోయొస్తా నాయనా, వేళకు తిను." యంత్రం పలక మాకే వదిలేసింది. నన్ను పట్టుకుని చెవిలో చెప్పింది. ఆ గొంతు పలకలో లేదట. ఎక్కడో దూరంగా కాలేజీవాళ్ళు తీసుకున్న చోట ఉందట. చదువు అయిపోయింది కాబట్టి పదిరోజుల్లో ఆ చోటు మూసేస్తారట. బతిమాలినా ఒప్పుకోలేదట.

"అన్నకు నువ్వు చెప్పాలి. అంతా చెప్పు. ఈ పదిరోజుల్లో."

సరే అన్నాను.

ఏప్రిల్ 11

ఇంకా ఏడు రోజులు.

ఏప్రిల్ 14

మూసేస్తారన్న ముక్క వరకు చెప్పాను. మిగతాది చెప్పలేక పళ్ళేలు తీసేశాను.

ఆయన కంగారుపడలేదు. "ఫోనులో ఆ నలభై సెకన్లు ఉన్నాయిగా. వేరే యంత్రంలో వేయిద్దాం," అన్నారు. ఫోటోలు తీసే కుర్రాడు ఎవరో వచ్చి సాయంత్రందాకా కూర్చున్నాడు. జలుబు చేసిన ఆడమనిషి మళ్ళీ వచ్చింది. ఆయన, "ఇది పనికిమాలిన యంత్రం, పిచ్చుకది మంచిది," అన్నారు.

నేను టీ ఇచ్చి వచ్చాను.

ఏప్రిల్ 16

పిచ్చుక దగ్గరనుంచి ఫోనుకు కబురు. "చెప్పావా?" అని ఒకే మాట. బదులు రాయలేదు.

ఏప్రిల్ 18

పదిగంటలకు ఆగిపోయింది. మావయ్య, "ఏమే, వాన వచ్చేట్టుందా?" అన్నారు. పలకమీద ఏవో అక్షరాలు తిరిగాయి. మాట రాలేదు. "ఏమే?" అన్నారు మళ్ళీ. కుర్చీలోంచి ముందుకు వంగారు. గాలిలో చేయి చాపారు.

మా ఆయన కత్తెర పట్టుకుని నిలబడిపోయారు.

నేను కిటికీ దగ్గర ఉన్నాను. తెర వెనక్కి వెళ్ళేంత వ్యవధి లేదు. కాజా కుడుతూనే అన్నాను. "మబ్బు పట్టింది గాని పడదు. కూర్చోండి."

మావయ్య కూర్చున్నారు. "ఆ మూలకెప్పుడు వెళ్ళావు?" అన్నారు.

"వెలుతురు కోసం."

మా ఆయన నాకేసి చూశారు. పెళ్ళైన నాలుగేళ్ళలో అంతసేపు ఎప్పుడూ చూడలేదు. నా పెదవులకేసి చూశారు. అంతా అర్థమైంది. సెక్రటరీగారు, తెర, నలభై సెకన్లు, అన్నీ ఒక్కొక్కటే ఆయన మొహంలో కనపడ్డాయి. నేను సూది కింద పెట్టేశాను. తిడతారనుకున్నాను. కొట్టినా సరే అనుకున్నాను. ఏదో ఒకటి అయితే చాలు, అది నాకు తగిలేది అవుతుంది.

ఆయన కత్తెర ఆడించడం మొదలుపెట్టారు.

ఏప్రిల్ 19

ఆయన తిట్టలేదు. పడుకునేముందు నా దుప్పటి సరిచేశారు.

ఏప్రిల్ 20

పొద్దున షాపులోకి వెళ్ళేసరికి కిటికీ దగ్గర నా స్టూలు లేదు. తెర వెనక ఉంది. దానిమీద మెత్త వేశారు. పైన కొత్త బల్బు పెట్టించారు. పక్కన మంచినీళ్ళ చెంబు.

"ఇక్కడైతే నీకు సుఖంగా ఉంటుంది," అన్నారు, బల్బుకేసి చూస్తూ. "నాన్నకు గొంతు ఆ వైపునుంచి వస్తేనే అలవాటు."

నేను చెప్పాలనుకున్నది ఒకటుంది. నాకు కిటికీ కావాలని. చాలా చిన్న మాట. నోరు తెరిచాను. నా గొంతు కోసం లోపల వెతికాను. ఈలోగా ఎవరో చొక్కా కొలతకు వచ్చారు.

ఏప్రిల్ 27

బల్బు వెలుతురులో నల్ల దారం కనపడటం కష్టం. తడిమి కుడుతున్నాను. అలవాటవుతుంది.

మావయ్యకు ఒంట్లో బాగుంది. డాక్టరు మెచ్చుకున్నాడు. మా ఆయన కూడా ఈమధ్య తెరవైపు తిరిగి మాట్లాడుతున్నారు. నిన్న, "మోకాలు ఎలా ఉందమ్మా?" అన్నారు. మోకాలినొప్పి అత్తయ్యకు ఉండేది. మావయ్య వింటున్నారని అన్నారో, ఇంకెందుకో. "తగ్గింది నాయనా," అన్నాను.

ఈ సాయంత్రం మావయ్య టేపు చుట్టి పెడుతూ ఆగారు. "ఏమే, కోడలెక్కడ? దాని మాట విని చాలా రోజులైంది."

మా ఆయన కత్తెర ఆగింది. షాపంతా నాకోసం ఆగింది. అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఇక్కడే ఉన్నాను మావయ్యా అని. మూడు మాటలు.

"లోపల పని చేసుకుంటోంది," అంది అత్తయ్య. "దాన్ని పిలవకండి."

"మంచి పిల్ల," అన్నారు మావయ్య.

ఇంక రాయను. పుస్తకంలో వెనక పేజీలు అత్తయ్య పేజీల దాకా వచ్చేశాయి. ఇది ఎవరి చేతికైనా చిక్కితే ఒక్క మనవి. పైకి చదవకండి, మావయ్య చెవులు చాలా చురుకు. ముందు పేజీలు చింపి జాగ్రత్తగా దాచండి, అరంగుళాలన్నీ అందులోనే ఉన్నాయి, షాపుకు కావాలి. వెనకవి మాత్రం పొయ్యిలో పెట్టండి.